పార్టీ మారనివాడు

రాయలసీమ పల్లెల్లో "పార్టీ" అనే మాటకున్న అర్థం రాజనీతిశాస్త్ర గ్రంథాల్లో కనబడదు. "ఆ ఊళ్లో పార్టీలున్నాయి" అని ఎవరైనా అంటే అక్కడ రెండు సిద్ధాంతాలు ఢీకొంటున్నాయని అర్థం కాదు. ఆ ఊళ్లో రెండు ముఠాలున్నాయని, చీకటి పడ్డాక ఒక వీధివాడు మరొక వీధికి పోడని అర్థం. "ఆయన మా పార్టీ మనిషి" అంటే ఆయన సభ్యత్వ రుసుము కట్టాడని కాదు, మా పెద్దాయన మనిషి అని.

నేను నంద్యాలలో ముప్ఫై ఏళ్లు పౌరశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. ఒక కార్యక్రమం మీద ఏకాభిప్రాయంగల పౌరులు స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న సంఘమే పార్టీ అని ఏటేటా నల్లబల్ల మీద రాశాను. పిల్లలు దాన్ని రాసుకున్నారు, పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నారు, ఇంటికి పోయాక ఆ మాటను తమ ఊరి అర్థంలోనే వాడుకున్నారు. నల్లబల్ల మీది అర్థానికీ, ఊరి అర్థానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు చాలాకాలం తెలియలేదు. తెలియజెప్పినవాడు నా విద్యార్థే. అతని సంగతి తర్వాత చెబుతాను. ముందు ప్రశ్నను సరిగ్గా వేసుకుందాం.

ప్రజాప్రతినిధి ఒక పార్టీ తరఫున గెలిచి మరొక పార్టీలోకి పోతే ద్రోహం జరిగిందంటాం. మంచిది. ఆ ద్రోహం ఎవరికి జరిగింది? వదిలేసిన పార్టీకా? ఓటర్లకా? రాజ్యాంగానికా? ఈ ప్రశ్నకు జవాబు తేలకపోతే బహుపార్టీ వ్యవస్థను మనం మెచ్చుకున్నా తిట్టినా అది గాలిమాటే అవుతుంది. జవాబు వెతకడానికి నంద్యాల, ఆళ్లగడ్డలకు మించిన చోటు నాకు తెలియదు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారిలో నడిచిన రాజకీయాల్లో మన ప్రజాస్వామ్యపు ముఖ్యమైన చిక్కుముళ్లన్నీ కనిపిస్తాయి.

నంద్యాల పేరు దేశమంతా వినబడిన సందర్భాలు ముఖ్యంగా రెండు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకు పోగా, మిగిలిన ఒక్కటీ నంద్యాల. జనతా అభ్యర్థిగా అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే సంవత్సరం జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రెండవది 1991. అప్పటికి పార్లమెంటు సభ్యత్వం లేకుండానే ప్రధాని అయిన పి.వి. నరసింహారావు కోసం గంగుల ప్రతాపరెడ్డి తన స్థానానికి రాజీనామా చేశారు. తెలుగువాడు ప్రధాని అయినప్పుడు తాము పోటీ పెట్టబోమని తెలుగుదేశం అధినేత ఎన్.టి. రామారావు ప్రకటించారు. బి.జె.పి. తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడ్డారుగాని, ప్రధాన ప్రతిపక్షం తప్పుకున్నాక అది పోటీ అనిపించుకోలేదు. ప్రధాని ఆధిక్యం 5 లక్షల 80 వేలు. ఆనాటికి అది రికార్డు.

మేమంతా సంతోషించాం. నేనూ సంతోషించాను. మన ఊరి ఓటుతో ప్రధానమంత్రి! కాని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఓటరు ముందుంచవలసిన ఎంపికను ఒక పెద్దమనిషి మరొక పెద్దమనిషికి మర్యాదగా బహూకరించాడు. ఆ బహుమానం ఎవరి సొత్తు? ఓటరు సొత్తు. అతన్ని ఎవరూ అడగలేదు. ఓటరు కూడా తన సొత్తు పోయిందనుకోలేదు. తన గౌరవం పెరిగిందనుకున్నాడు.

1996లో పి.వి. నంద్యాలలోనూ, ఒరిస్సాలోని బరంపురంలోనూ గెలిచి, నంద్యాలను వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. ఆ ఖాళీలో తెలుగుదేశం తరఫున భూమా నాగిరెడ్డి గెలిచారు. అక్కణ్ణించి ఈ ప్రాంతపు ఎన్నికల చరిత్రను పార్టీల పేర్లతో రాయడం చాలా కష్టం, కుటుంబాల పేర్లతో రాయడం చాలా సులభం. ఆళ్లగడ్డలో భూమావారు, గంగులవారు. నంద్యాలలో భూమావారు, శిల్పావారు. భూమా శోభా నాగిరెడ్డి ఆళ్లగడ్డ నుంచి 1997లో, 1999లో తెలుగుదేశం తరఫున, 2009లో ప్రజారాజ్యం తరఫున, 2012 ఉపఎన్నికలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున గెలిచారు. మూడు పార్టీలు, ఒకే నియోజకవర్గం, ఒకే అభ్యర్థి.

ఇక 2014 తర్వాతి కథ చూడండి. ఆ సంవత్సరం నంద్యాల అసెంబ్లీ స్థానంలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున భూమా నాగిరెడ్డి, తెలుగుదేశం తరఫున శిల్పా మోహనరెడ్డి పోటీ పడ్డారు. నాగిరెడ్డి గెలిచారు. ఆళ్లగడ్డలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున శోభా నాగిరెడ్డి, తెలుగుదేశం తరఫున గంగుల ప్రభాకరరెడ్డి. 2016 ఫిబ్రవరిలో నాగిరెడ్డి, శాసనసభ్యురాలైన ఆయన కుమార్తె అఖిలప్రియ తెలుగుదేశంలో చేరారు. 2017 మార్చిలో నాగిరెడ్డి చనిపోయారు. ఆగస్టులో నంద్యాలకు ఉపఎన్నిక వచ్చింది. ఇప్పుడు తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి శిల్పా మోహనరెడ్డి! ఆళ్లగడ్డలో గంగులవారు వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు వెళ్లారు. 2019లో ఆ పార్టీ తరఫున గంగుల బ్రిజేంద్రరెడ్డి, తెలుగుదేశం అభ్యర్థి అఖిలప్రియను ఓడించారు. 2024లో ఆమె తిరిగి గెలిచారు.

అంటే మూడు నుంచి ఐదేళ్లలో రెండు నియోజకవర్గాల్లోనూ ఇరుపక్షాలూ గుర్తులు మార్చుకున్నాయి. ఫ్యాను ఉన్న గోడ మీద సైకిలు, సైకిలు ఉన్న గోడ మీద ఫ్యాను. గోడలు మాత్రం మారలేదు. అద్దెకున్నవాళ్లు ఇళ్లు మారడం చూశాంగాని, ఇళ్లే అద్దెదారులను మార్చుకోవడం ఇక్కడ చూశాం. రాష్ట్ర పార్టీకి నియోజకవర్గంలో సొంత ఇల్లు లేదు. ఉన్న పెద్ద ఇళ్లలో ఏదో ఒకదానిలో దిగవలసిందే. ఒక ఇల్లు ఖాళీ అయితే ఎదురింట్లో దిగుతుంది.

వ్యక్తులను నిందించడానికి ఇదంతా చెప్పడంలేదు. 2014-19 మధ్య రాష్ట్రంలో 23 మంది శాసనసభ్యులు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు నుంచి తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. సభ గడువు ముగిసేదాకా ఎవరి సభ్యత్వమూ పోలేదు. 2019 తర్వాత ప్రవాహం ఎదురుదిక్కుకు మళ్లింది. 2024 ఫిబ్రవరిలో స్పీకరు ఇరుపక్షాల ఫిరాయింపుదారులు ఎనిమిది మందిని అనర్హులుగా ప్రకటించేనాటికి ఆ సభకు మిగిలిన ఆయువు కొద్ది నెలలే. తెలంగాణలో 2019లో కాంగ్రెసు శాసనసభ్యులు 18 మందిలో 12 మంది ఒక్కుమ్మడిగా పాలకపక్షంలో విలీనమయ్యారు. ఏ గట్టు మీదా పచ్చిక వేరుగా లేదు.

చట్టం లేకపోలేదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. మూడోవంతు మంది చీలితే తప్పులేదని అందులో ఒక కిటికీ పెట్టారు. 2003లో 91వ సవరణ ఆ కిటికీ మూసింది. మూడింట రెండువంతుల మంది విలీనమైతే ఫరవాలేదన్న తలుపు మాత్రం తెరిచే ఉంచింది. తీర్పు చెప్పే అధికారం స్పీకరు చేతిలో ఉంది. స్పీకరు పాలకపక్షం నుంచి ఎన్నికైనవాడు. ఒంటరిగా పోతే తప్పు, గుంపుగా పోతే ఒప్పు అనే చట్టం నీతిని తలలు లెక్కపెట్టి నిర్ణయిస్తోంది.

నంద్యాల ఎం.పి. ప్రధానిగా ఉన్న కాలంలోనే దీనికంటె పెద్ద ప్రశ్న లేచింది. 1993 జులైలో అవిశ్వాస తీర్మానం నుంచి మైనారిటీ ప్రభుత్వం బయటపడింది. దానికి కొందరు సభ్యులు లంచం తీసుకుని ఓటు వేశారన్న కేసు నడిచింది. పి.వి.కి 2000లో కింది కోర్టు శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది. అది అలా ఉంచి, అదే కేసులో 1998లో సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పిన సూత్రం చూడండి: లంచం తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉంటుంది. ఈ సూత్రం పాతికేళ్లకు పైగా నిలబడింది. 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. న్యాయస్థానానికి తన మాటను తానే సరిదిద్దుకోవడానికి ఇరవయ్యారేళ్లు పట్టిన చోట, పల్లెటూరి ఓటరుకు నీతి చెప్పడానికి మనం తొందరపడనక్కరలేదు.

అయితే బహుపార్టీ వ్యవస్థే బూటకమా? నేను యువకుడుగా ఉన్నప్పుడు ఔననేవాణ్ణి. ఒకే వర్గానికి రెండు ముఖాలున్నప్పుడు ముఖాలు లెక్కపెట్టడమెందుకని వాదించేవాణ్ణి. నావంటి వారికి ఆనాడు పశ్చిమాఫ్రికా గొప్ప ఉదాహరణగా ఉండేది. 1957లో స్వతంత్రమైన ఘానాలో ఎన్‌క్రూమా ప్రభుత్వం 1964లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యం చేసింది. తెగల పేరిట, ప్రాంతాల పేరిట పార్టీలు పెట్టుకుంటే కొత్త దేశం ముక్కలవుతుందని, సామ్రాజ్యవాదానికి తలుపు తీసినట్టవుతుందని అక్కడి వాదం. ఆ భయం నిరాధారమని నేను ఇప్పటికీ అనను. కాని 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు, యావత్ప్రజల పార్టీ అని చెప్పుకున్న ఆ ఒక్క పార్టీని కాపాడడానికి యావత్ప్రజలు కదలలేదు. ప్రశ్నించే హక్కు లేని సభ్యుడికి కాపాడే బాధ్యత కూడా ఉండదు.

సెనెగల్‌లో మరో ప్రయోగం జరిగింది. సెంఘర్ ప్రభుత్వం 1976లో మూడు పార్టీలకు అనుమతి ఇచ్చి, ఒకటి ఉదారవాద పార్టీ, ఒకటి సాంఘిక ప్రజాస్వామ్య పార్టీ, ఒకటి మార్క్సిస్టు పార్టీ అని సిద్ధాంతాలు కూడా తనే పంచిపెట్టింది. నైజీరియాలో సైనిక పాలకుడు బబంగిడా 1989లో రెండే పార్టీలను సృష్టించి, ఒకటి కొంచెం ఎడమకు, ఒకటి కొంచెం కుడికి ఉండాలన్నాడు. తీరా 1993 జూన్‌లో ప్రజలు ఓటు వేస్తే ఆ ఎన్నికనే రద్దు చేశాడు. అదే ఘానాలో 1992 రాజ్యాంగం తర్వాత రెండు పెద్ద పార్టీల మధ్య 2000లో, 2008లో, 2016లో, 2024లో అధికారం ఓటు ద్వారా చేతులు మారింది.

ఈ దేశాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: పార్టీలు ఒకటా, రెండా, మూడా, ముప్ఫయ్యా అన్నది మూల ప్రశ్న కాదు. ఆ సంఖ్యను పై నుంచి నిర్ణయించడానికీ, కింద నుంచి పుట్టనివ్వడానికీ తేడా ఉంది. మన దగ్గర సంఖ్యను నిర్ణయించే సైనిక పాలకుడు లేడు. ఎన్ని పార్టీలయినా పెట్టుకోవచ్చు. అయినా ఆళ్లగడ్డలో లెక్క తేలేది రెండుకే. అక్కడ ఆ రెండింటిని నిర్ణయించేది భూమి, కాంట్రాక్టు, భయం, బంధుత్వం. పై నుంచి వచ్చే ఆజ్ఞకు కాగితం ఉంటుంది. దీనికి కాగితం కూడా లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం: ద్రోహం ఎవరికి?

ఓటర్లకు అని చెప్పడం సులభం. ప్రతినిధి తన వివేకాన్ని ఓటర్లకు అర్పించాలిగాని, వారి ఆజ్ఞకు బంటు కానక్కరలేదని 1774లో బ్రిస్టల్ ఓటర్లతో ఎడ్మండ్ బర్క్ అన్నాడు. పార్టీ మారినవారు బర్క్‌ను చదవకపోయినా ఆ నీడలోనే నిలబడతారు. "నియోజకవర్గం బాగు కోసం మారాను" అంటారు. దీనికి మనం చెప్పే జవాబు, ఓటరు వ్యక్తికి కాదు, పార్టీకి ఓటు వేశాడని. ఇది నిజమా?

2014 మే 7న నేను ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఒక పల్లెలో ఎన్నికల విధుల్లో ఉన్నాను. అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 24న, శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి మరణిస్తేనే పోలింగు వాయిదా వేయాలని చట్టం. ఆమె పార్టీ అప్పటికి రిజిస్టరయిందేగాని గుర్తింపు పొందలేదు. గనక పోలింగు ఆగలేదు, యంత్రం మీద ఆమె పేరూ చెరగలేదు. ఒక ముసలావిడ వేలికి సిరా పెట్టించుకుని నన్ను అడిగింది: "సచ్చిపోయినామె పేరు ఉండాదా నాయనా?" నేను ఏమీ చెప్పకూడదు. యంత్రమున్న వైపు చేయి చూపించాను. ఆమె లోపలికి పోయి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మే 16న లెక్కిస్తే చనిపోయిన అభ్యర్థే గెలిచారు. అదే ఏడాది వచ్చిన ఉపఎన్నికలో ప్రధాన ప్రత్యర్థి పోటీ పెట్టలేదు, అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఆ ముసలావిడ ఎవరికి ఓటు వేసింది? పార్టీ కార్యక్రమానికి అని నేను అనలేను. వ్యక్తికి అందామంటే ఆ వ్యక్తి లేదు. ఆమె ఒక ఇంటికి ఓటు వేసింది. ఆ ఇంటి దుఃఖంలో పాలు పంచుకుంది. అది గుడ్డితనం అని నవ్వేవాళ్లతో నేను ఏకీభవించను. ఆసుపత్రికి, పెళ్లికి, పోలీసు స్టేషనుకు పోవలసి వచ్చినప్పుడు తనకు దిక్కయ్యేది ఒక ఇల్లేగాని ఒక కార్యక్రమం కాదని ఆమె జీవితం ఆమెకు నేర్పింది. అటువంటప్పుడు ఆ ఇల్లు పార్టీ మారితే ఆమెకు ద్రోహం జరిగిందని మనం ఆమె తరఫున ఎట్లా అనగలం? తర్వాత చాలామందిని అడిగాను. "వాళ్లు ఎటు పోతే మేమూ అటే" అన్నారు. ఫిర్యాదు లేనిచోట నేరం ఎక్కడ?

ఈ వాదం నన్ను చాలాకాలం కట్టిపడేసింది. ముడి విప్పినవాడు నా పాత విద్యార్థి.

అతనిది ఈ రెండు నియోజకవర్గాల్లో ఏదో ఒకదానిలోని ఊరు. ఏది అన్నది చెప్పను. ఏ పార్టీయో కూడా చెప్పను. గుర్తులు ఇటుదటు అటుదిటు అయ్యాయి గనక ఏది అనుకున్నా కథ ఒక్కటే. దళితవాడ కుర్రవాడు, డిగ్రీ చదివాడు. తండ్రి ఒక పెద్ద రైతు పొలం రెండెకరాలు కౌలుకు చేసేవాడు. నేను చెప్పిన పాఠాన్ని నమ్మిన కొద్దిమందిలో ఇతనొకడు. 2014లో ఒక పార్టీ ప్రణాళికను తెప్పించుకుని చదివి, నచ్చి, ఆ పార్టీకి పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. పొలం యజమాని ఎదుటి పార్టీ మనిషి. మరుసటి కారుకు కౌలు పోయింది. తండ్రి ఏమీ అనలేదట. కొడుకు తన ఇష్టప్రకారం ఒక పక్షాన నిలబడ్డందుకు చెల్లించిన ధర అది. ఇద్దరూ చెల్లించారు.

తర్వాత ఊళ్లోని అతని నాయకుడు, పై నాయకులతోపాటు, కండువా మార్చాడు. పొలం యజమాని, ఈ నాయకుడు ఒకే వేదిక ఎక్కారు. పూలదండలు వేసుకున్నారు. కౌలు తిరిగి రాలేదు. కుర్రవాడు మాత్రం కండువా మార్చలేదు. తాను చదివి నచ్చుకున్న ప్రణాళిక అప్పటికీ తనకు నచ్చే ఉందన్నాడు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు.

"నాయకుడు మారితే రాజకీయమంట సార్. నేను మారలేదని నన్ను ద్రోహి అంటాండారు. ఏం చేయాల సార్?"

నేను ఏమి చెప్పానో దాచకుండా రాస్తున్నాను. "ఊళ్లో బతకాలి కదా నాయనా, ప్రస్తుతానికి నువ్వూ వాళ్లతో పో" అన్నాను. అతను కాసేపు నా ముఖం చూసి, "మీరు క్లాసులో ఇట్లా చెప్పలేదు సార్" అన్నాడు. తిట్టలేదు. లేచి పోయాడు. ఆ ఏడే పనికోసం వేరే రాష్ట్రానికి వెళ్లాడు.

"మారనివాడే ద్రోహి" అన్న ఈ ఒక్క మాటలో మన సమస్య అంతా ఉంది. ఫిరాయింపు జరిగినప్పుడు ద్రోహం వదిలేసిన పార్టీకి కాదు. ఆ పార్టీ రేపు ఎదుటి ఇంటినుంచి మనుషులను తెచ్చుకుంటుంది. ఆ ముసలావిడకు కూడా కాదేమో. ఆమె తన ఇంటితోనే ఉంది. ద్రోహం జరిగింది పార్టీ అనే మాటను నిజమని నమ్మి, ఆ తేడాకోసం ధర చెల్లించినవాడికి. నాయకుడు తేడాను అమ్మగలడు, ఎందుకంటే దానికోసం అతను చెల్లించింది లేదు. చెల్లించినవాడికి అమ్మే హక్కు లేదు, ఉంచుకునే హక్కు కూడా లేదు. పార్టీ మారే స్వేచ్ఛ నాయకుడికి ఉంది. నాయకుణ్ణి మార్చే స్వేచ్ఛ అనుచరుడికి లేదు. నాయకుడు మారినప్పుడు తాను మారకుండా ఉండే స్వేచ్ఛ కూడా లేదు. స్వేచ్ఛ ఒకవైపే ఉన్న ఒప్పందాన్ని ఒప్పందమని ఎవరూ అనరు. దానికి పాత పేరు వెట్టి.

ఫిర్యాదు లేనిచోట నేరం ఎక్కడ అన్న వాదానికి కూడా ఇదే జవాబు. ఫిర్యాదు చేయగలవాడు ఊళ్లో మిగల్లేదు గనక ఫిర్యాదు వినబడలేదు.

ఇది రాయలసీమ నేల గుణమని, ఇక్కడ ఇంతేనని కొందరు చప్పరిస్తారు. అది చరిత్ర తెలియని మాట. ఆళ్లగడ్డకు పక్కనే ఉన్న కడప జిల్లా. అక్కడి నుంచి కమ్యూనిస్టు ఎద్దుల ఈశ్వరరెడ్డి ఒకటికంటె ఎక్కువసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కాంగ్రెసు, కృషికార్ లోక్‌పార్టీ, ప్రజాపార్టీ జట్టుకట్టి 196 స్థానాల్లో 146 గెలుచుకుంటే, కమ్యూనిస్టులకు వచ్చినవి 15. కాని వారికి పడిన ఓట్లు నూటికి 31 దాకా. ఓడిపోయే పక్షానికి, ఏ కాంట్రాక్టూ ఇవ్వలేని పక్షానికి, నూటికి ముప్ఫై మంది ఓటు వేసిన తెలుగు నేల ఇది. ఆ ఓటర్లు ఒకరినొకరు ఎరగరు. ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అయినా ఒక మాట మీద నిలబడ్డారు. పార్టీ అంటే అసలు అర్థం అదే: పరిచయం లేనివాళ్ల మధ్య మాట.

మరి ఆ మాట ఏమైంది? ఇక్కడ మన సంగతి మనం చెప్పుకోక తప్పదు. వామపక్షాలు 1994లో తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెసుతో, 2009లో మళ్లీ తెలుగుదేశంతో, 2019లో జనసేనతో పొత్తు పెట్టుకున్నాయి. ప్రతిసారీ కారణం ఉంది. కొన్నిసార్లు ఆ కారణం సరైనదే కూడా. పొత్తు ఫిరాయింపు కాదని నాకు తెలుసు. కాని పల్లెలో జెండా మోసినవాడి వైపు నుంచి చూడండి. నిన్న ఎవరిమీద కరపత్రం పంచాడో వారికోసం నేడు కరపత్రం పంచాలి. నిర్ణయం పై నుంచి వచ్చింది. అతన్ని అడిగారా? కొన్నిచోట్ల చెప్పారు. చెప్పడం వేరు, అడగడం వేరు. పెద్ద ఇంటి అనుచరుడికీ, మన కార్యకర్తకూ తేడా ఇక్కడ కనబడాలి. కనబడకపోతే మన సిద్ధాంతం ఎంత గొప్పదైనా మనదీ ఒక ఇల్లే.

నేను చెప్పదలచింది ఇంతే. పార్టీలు తగ్గించడమో, ఫిరాయింపు చట్టానికి మరొక సవరణ తేవడమో ఈ జబ్బుకు మందు కాదు. స్పీకరు చేతినుంచి తీర్పును తప్పించి గడువు విధిస్తే మంచిదే. నాయకుడి స్వేచ్ఛకు అది కొంత కళ్లెం వేస్తుంది. కాని కింది మనిషికి స్వేచ్ఛ దానివల్ల రాదు. పంచాయతీ ఎన్నికల్లో పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకు ప్రభుత్వాలు నగదు ప్రోత్సాహకాలు ప్రకటిస్తూ వచ్చాయి. శాంతికోసం అంటారు. కొట్లాట లేని పోటీ ఎట్లా చేయాలో నేర్పడానికి బదులు, పోటీయే మానుకోమని డబ్బిచ్చే పద్ధతి ఇది. 1991లో పెద్దలు చేసుకున్న మర్యాద, ఇప్పుడు ప్రతి పల్లెకూ పథకమైంది.

దీనికి భిన్నంగా మనం చేయగల పనులు చిన్నవి. ప్రతి ఊళ్లో సభ్యుల పేర్లు తెలియాలి. వారు ఏడాదికొకసారైనా కూర్చుని, తమ తరఫున మాట్లాడేవాణ్ణి తామే ఎన్నుకోవాలి. పొత్తు అనుకున్నప్పుడు ముందు వారిని అడగాలి. వారు కాదంటే ఆగాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక పక్షాన నిలబడ్డందుకు ఎవరికైనా కౌలు పోతే, పని పోతే, ఆ నష్టం అతనొక్కడిదే కాకుండా చూడాలి. కౌలు పోయినవాడికి నేల చూపించలేని పార్టీ, అతన్ని ఏజెంటుగా కూర్చోబెట్టే హక్కు కోల్పోతుంది. ఈ పని కష్టం. ప్రణాళిక రాయడం కంటె కష్టం.

నా విద్యార్థి అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. 2024లో ఓటు వేయడానికి రాలేదు. రానుపోను ఖర్చు ఎక్కువన్నాడు. కొంతసేపు ఆగి, "వచ్చినా ఎవరి తరఫున రావాల సార్?" అన్నాడు. ఆ రోజు మా ఇంటి వరండాలో చెప్పవలసిన జవాబు నేను చెప్పలేదు. "మారవద్దు, నీతో నేనొస్తాను, మీ నాయనకు కౌలు సంగతి ఇద్దరం చూద్దాం" అని ఉండవలసింది. పౌరశాస్త్రం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడి గుమ్మంలోనూ ఇటువంటి కుర్రవాడొకడు ఎప్పుడో ఒకప్పుడు నిలబడతాడు. అప్పటికి మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలనే ఇదంతా రాశాను.